మొహమాటానికి రాయి కొనకండి

కైకలూరు చేపల మార్కెట్లో బొచ్చె బేరమాడే ఇల్లాలిని ఏమార్చడం అంత తేలిక కాదు. మొప్ప ఎత్తి ఎర్రగా ఉందో పాలిపోయిందో చూస్తుంది, వేలితో నొక్కుతుంది, నచ్చకపోతే పక్క తట్ట దగ్గరికి వెళ్లిపోతుంది. అదే మనిషి శ్రావణ శుక్రవారం ఏలూరులో నగల షాపు మెట్లెక్కగానే గొంతు తగ్గించేస్తుంది. ఏసీలో కూర్చోబెట్టి, కూల్‌డ్రింక్ చేతికిచ్చి, వెల్వెట్ ట్రే ముందు పెట్టేసరికి అడగాల్సినవన్నీ లోపలే ఉండిపోతాయి. "రాళ్ల సంగతి నాకేం తెలుస్తుంది" అనుకుంటుంది. డ్రింక్ తాగేశాం కదా, కొనకుండా లేస్తే ఏమనుకుంటారో అని కూడా అనుకుంటుంది. మనల్ని ముంచేది ఎక్కువసార్లు వ్యాపారి కాదు, ఈ మొహమాటమే.

రాయిని చూడటం నేర్చుకుంటే వచ్చే విద్యే. మొదలుపెట్టడానికి పెరిడాట్ అంత మంచి రాయి ఇంకోటి లేదని నా గట్టి అభిప్రాయం. పసుపు కలిసిన ఆకుపచ్చ రంగు, ఆగస్టులో పుట్టినవాళ్ల రాయిగా పేరు. బుధుడి కోసం పచ్చ పెట్టుకోవాలనుకుని అంత పెట్టలేనివాళ్లకి బదులుగా దీన్ని చూపిస్తుంటారు. నమ్మకం మీ ఇష్టం. ధర మాత్రం పచ్చ ధర కాకూడదు.

తెల్ల కాగితం ఒకటి అడిగి మొదలుపెట్టండి. ఒక్క రాయి చూస్తే ఏదైనా బాగానే ఉంటుంది. మూడు రాళ్లు పక్కపక్కన పెట్టించండి. షాపు లైట్లు రాయిని మెరిపించడానికే పెట్టినవి కాబట్టి ఆ కాగితంతో సహా గుమ్మం దాకా తెమ్మనండి, పగటి వెలుగులో చూడండి. స్వచ్ఛమైన ఆకుపచ్చకి దగ్గరైన కొద్దీ విలువ పెరుగుతుంది. గోధుమ ఛాయ కనిపిస్తే తగ్గుతుంది. ఇప్పుడు రాయిని అచ్చు అక్షరాల మీద పెట్టి పైనుంచి చూడండి. మధ్యలోంచి అక్షరం తేటగా కనబడితే కటింగ్ పలచన, వెలుగు కిందికి జారిపోతోందన్నమాట.

తర్వాత లూప్ అడగండి. 10 రెట్లు పెద్దగా చూపించే ఆ చిన్న భూతద్దం ప్రతి నగల షాపులోనూ ఉంటుంది. అడిగితే తప్పుగా అనుకుంటారేమోనన్న బెంగ వద్దు, వాళ్లు రోజూ వాడేదే. రాయి పై పలకలోంచి వెనకవైపు అంచుల్ని చూడండి. పెరిడాట్‌లో ఆ గీతలు ఒక్కోటీ రెండేసిగా కనిపిస్తాయి. లోపలికి వెళ్లిన కాంతి రెండు దారులుగా చీలడం వల్ల అలా జరుగుతుంది, పెరిడాట్‌లో ఈ చీలిక బలంగా ఉంటుంది. ఒకవైపు నుంచి కనబడకపోతే తిప్పి చూడండి. ఎటు తిప్పినా గీత ఒక్కటే అయితే అది ఆకుపచ్చ గాజో, ఫ్యాక్టరీలో చేసిన స్పైనెలో కావచ్చు. గుండ్రటి గాలిబుడగ కనిపిస్తే గాజేనని అనుమానించాలి. అయితే జిర్కాన్‌లోనూ గీతలు రెండుగానే కనబడతాయి. అంటే ఈ పరీక్షతో గాజు కాదని తేలుతుంది గానీ పెరిడాటేనని తేలదు. ఖరీదైన రాయైతే ల్యాబ్ రిపోర్ట్ అడగాల్సిందే. జైపూర్ జెమ్ టెస్టింగ్ ల్యాబ్ 1972లోనే మొదలైంది, రాళ్ల పరీక్ష మన దేశానికి కొత్త కాదు.

లూప్‌లో ఇంకోటి కనబడవచ్చు. చిన్న నల్ల చుక్క, దాని చుట్టూ పలచని గుండ్రటి బిళ్ల. నిపుణులు దాన్ని లిలీ ప్యాడ్ అంటారు. కొల్లేటి నీళ్ల మీద కలువాకు చూసినవాళ్లకి బొమ్మ గీసి చూపక్కర్లేదు. కంటికి తెలిసేంత పెద్దదైతే ధర తగ్గించమనండి. లూప్‌లో మాత్రమే కనబడితే నాకైతే సంతోషం, సహజమైన రాయి అనడానికి అదో మంచి సాక్ష్యం.

ఇక అందరూ తడబడే చోటు. "ఇది ట్రీట్‌మెంట్ లేని రాయండి, అందుకే రేటెక్కువండి" అంటారు. కెంపుల్ని వేడి చేయడం, పచ్చల పగుళ్లలో నూనె పట్టించడం ఈ వ్యాపారంలో మామూలు. ఆ రాళ్లకి ఆ మాట విలువైనదే. పెరిడాట్ అలా కాదు. దాని ఖనిజం ఒలివిన్, రంగు వచ్చేది ఆ ఖనిజంలోనే భాగమైన ఇనుము వల్ల. వేడి చేస్తే రంగు మెరుగయ్యేది లేదు. ట్రీట్‌మెంట్ లేకపోవడం దాని సహజ స్థితి, దానికి అదనపు ధర ఇవ్వక్కర్లేదు. "ట్రీట్‌మెంట్ చేసిన పెరిడాట్ ఒకటి తెప్పించండి, పక్కన పెట్టి చూస్తాను" అనండి. గొంతు పెంచొద్దు, నవ్వుతూనే అనండి. అడిగాక మాత్రం మీరే జవాబు అందించకుండా ఆగండి. అరుదుగా పగుళ్లలో నూనె గానీ రెసిన్ గానీ నింపుతారు. ఆ సంగతి విడిగా అడగండి.

పెద్దపెద్దవాళ్లే రాయి పేరు విషయంలో పొరబడ్డారు. జర్మనీలో కొలోన్ కెథడ్రల్‌లోని ముగ్గురు రాజుల పేటికకు పొదిగిన ఆకుపచ్చ రాళ్లని శతాబ్దాల పాటు పచ్చలనే అనుకున్నారు. అవి పెరిడాట్లు.

ఊరి పేరుతో కూడా లొంగదీస్తారు. తాడేపల్లిగూడెం దాటి గౌరీపట్నం, పంగిడి వైపు వెళ్తే క్వారీల్లో కొట్టే నల్లరాయి సుమారు 6.5 కోట్ల ఏళ్ల నాటి లావా. పెరిడాట్ కూడా చాలాచోట్ల లావాతోనే పైకొచ్చింది. అయినా మార్కెట్లో తిరిగేది బర్మాలోని మొగోక్, పాకిస్తాన్‌లోని కోహిస్తాన్, అమెరికాలోని అరిజోనా, చైనా లాంటి చోట్ల నుంచి వచ్చినదే. "బర్మా రాయండి" అంటే రిపోర్టులో రాసి ఉందా అని చూడండి. లేకపోతే ఆ మాటకి డబ్బు కట్టొద్దు.

బిల్లు కౌంటర్ దగ్గరే నిలబడి చదవండి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ మీద 6 స్థానాల హెచ్‌యూఐడీ కోడ్ తప్పనిసరి అయింది. ఆ ముద్ర బంగారానికే, రాయికి కాదు. రాయి బరువు తీసేసి బంగారం లెక్క కట్టారా చూడండి. 5 క్యారెట్లు 1 గ్రాము. రత్తుల లెక్క ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి క్యారెట్లలోనే రాయించండి. "సహజ పెరిడాట్" అన్న మాట బిల్లులో పడాలి. కుదరదంటే "రేపొస్తానండి" అని లేచి వచ్చేయండి. తాగిన డ్రింక్‌కి మీరు బాకీ లేరు.

నగ చేయించేటప్పుడూ అంతే ధైర్యంగా చెప్పండి. పెరిడాట్ కాఠిన్యం 6.5 నుంచి 7. దుమ్ములోని ఇసుకరేణువు కాఠిన్యం 7. రోజూ గిన్నెలు తోమే చేతికి ఉంగరంగా పెడితే త్వరగా మసకబారుతుంది. దిద్దులకో లాకెట్‌కో బాగుంటుంది. అమరిక వెనక తెరిచి ఉండాలి, మూసేస్తే కింద రేకు పెట్టి రంగు పెంచినా మీకు తెలియదు. హఠాత్తుగా తగిలే వేడీ యాసిడ్లూ ఈ రాయికి పడవు. అతుకు పని, యాసిడ్‌లో ముంచడం అయ్యాకే రాయి పొదగమని కంసాలికి ముందే చెప్పండి. తర్వాత రిపేరుకి ఇచ్చినప్పుడు కూడా రాయి తీశాకే మంట పెట్టమనండి. మెరుగుకి అల్ట్రాసోనిక్ మెషీన్‌లో వెయ్యనివ్వద్దు. గోరువెచ్చని సబ్బునీళ్లు, మెత్తటి బ్రష్ చాలు.