గుత్తి వంకాయ చెదరదెందుకు?

ఢిల్లీలోని మయూర్ విహార్‌లో తెలుగువారింట గుత్తి వంకాయ కూర మగ్గుతుంటే, పక్కింట్లో భర్వా బైంగన్ మగ్గుతుంటుంది. ఒకరిది చింతపండు, మరొకరిది ఆమ్‌చూర్. టర్కీవారి దోల్మాలో టమాటా లేదా నిమ్మరసం. ఆ పేరుకు అర్థమే 'కూరినది' అని. అన్నిటా పులుపే! రుచికోసం మాత్రమేనా?

కాయలోని కణాలను అతికించి ఉంచే పెక్టిన్ వేడికి విడిపోతుంది. కాయ మెత్తబడేది అందువల్లే. పులుపు వల్ల పి.హెచ్. విలువ 4 దగ్గరికి చేరితే ఈ విడిపోవడం బాగా నెమ్మదిస్తుంది. అందుకే చింతపండు పులుసు ముందే పోస్తే వంకాయ ఒక పట్టాన ఉడకదు. పులుపు లేకుండా ఎక్కువసేపు ఉంచితే చితికి, కూరిన కారమంతా బయటికొచ్చేస్తుంది. నూనెలో ముప్పావు వంతు మగ్గాక పోయడమే కిటుకు. వంటసోడాది దీనికి పూర్తిగా వ్యతిరేకం: చిటికెడు వేసినా పెక్టిన్ త్వరగా కరిగి కూర గుజ్జవుతుంది.