పనికొచ్చే చూపు: యువ పరిశోధకులకు ఒక పాఠం

1862లో నెదర్లాండ్స్ వైద్యుడు స్నెల్లెన్ తయారుచేసిన అక్షరాల చార్టు ఎంత చిన్న అక్షరం కనిపిస్తుందో చెబుతుంది. చీకటి పడేవేళ సోమశిల ఘాట్ మెట్లు దిగి పడవ ఎక్కగలరా అన్నది చెప్పదు.

హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పరిశోధకులు చూపు తక్కువైన బడిపిల్లల కోసం ఒక ప్రశ్నావళి రూపొందించి 2003లో ప్రచురించారు. నల్లబల్ల చదవడం వంటి రోజువారీ పనుల్లో ఎంత ఇబ్బంది ఉందో అది అడుగుతుంది.

మనమూ అలాగే మొదలుపెడదాం. శుక్లం ఉన్నా, కళ్లద్దాలు అవసరమైనా ముందు కంటి డాక్టరు దగ్గరికి పంపాలి. ఆ తర్వాత కూడా మిగిలే ఇబ్బందే మన పాఠం.

1. కష్టంగా ఉన్న పని ఏదో వారినే అడగండి.
2. ఆ పనిని వారి ఇంట్లో, వారి వెలుతురులోనే చేయించండి. దూరం, వేళ, పట్టిన సమయం రాసుకోండి.
3. ఒక్క మార్పే చేయండి: దీపం దగ్గరికి జరపడం, మెట్టు అంచుకు తెల్లరంగు వేయడం, అన్నం ముదురు రంగు పళ్లెంలో వడ్డించడం.
4. అదే పని, అదే వేళకు మళ్లీ చేయించి పోల్చండి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది మేలు చేసిందో తేలదు.

వల బాగుచేసుకునే మత్స్యకారునికైనా, బట్టలు కుట్టే చెల్లెలికైనా చూపంటే ఆ పూట కూలి. మన కొలత అక్కడిదాకా వెళ్లాలి.