వెనక సీటు నుంచి నేర్చుకో, అల్లుడూ

హైదరాబాదు

చిరంజీవి మేనల్లుడికి,

ట్రావెల్స్ మానేసి బెజవాడలోనే ఒక సారు వాళ్లింట్లో డ్రైవరుగా కుదిరావనీ, వాళ్లు ఎంజీ ఎమ్9 అనే కరెంటు బండి కొన్నారనీ అక్క చెప్పింది. సంతోషం. మా డాక్టరుగారింట్లో నేను నడిపేదీ ఆ బండే. చెప్పాల్సింది చాలా ఉంది, ఫోన్‌లో తెమిలేట్టు లేదు, అందుకే కాగితం పట్టాను.

షోరూం వాళ్లు బండి అప్పగించేటప్పుడు నిన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి స్క్రీన్ మీద మీటలన్నీ చూపిస్తారు. అవి నాలుగు రోజుల్లో చేతికొచ్చేస్తాయి, కంగారుపడకు. దానికంటే ముందు, సారు ఇంట్లో లైసెన్సు ఉన్నవాళ్లనెవరినైనా నడపమని బతిమాలి, నువ్వు మధ్య వరస కుర్చీలో కూర్చుని బెంజి సర్కిల్ నుంచి వారధి దాకా ఒక్కసారి వెళ్లిరా. 2025 జూలైలో ఈ బండి మన దేశంలో అమ్మకానికి వచ్చినప్పుడు షోరూం ధరే 69 లక్షల 90 వేలు. ఆ డబ్బు పెట్టి కొనేది ఎక్కువగా మధ్య వరసలోని ఆ రెండు కుర్చీల కోసమే. కాళ్ల కింద లేచే మెత్త, వీపు నొక్కే మసాజు, చెమట పట్టకుండా సీట్లోంచే గాలి. అక్కడ కూర్చున్నవాళ్లకి బండి ఎలా ఉందన్నదే నీ పని. నీకు ముందు హాయిగా తోచిన నడక అక్కడ కడుపులో తిప్పొచ్చు.

అది ఎందుకో చెప్తాను. ఇన్నోవాలో గేరు మారినా, ఇంజను గొంతు పెంచినా వెనకున్నవాళ్లకి తెలిసిపోతుంది, ఇప్పుడు లాగుతాడు, ఇప్పుడు తగ్గిస్తాడు అని. మనసుకి పట్టకపోయినా ఒంటికి పడుతుంది, మెడ సర్దుకుంటుంది. ఇందులో ఆ కబురు అందదు. పైగా కాలు ఎత్తగానే మోటారు ఎదురు పనిచేసి కరెంటు పుట్టించి బ్యాటరీకి పంపుతుంది, బండి దానంతటదే మందగిస్తుంది. దీన్నే రీజెన్ అంటున్నారు. డీజిల్ బండి అలవాటుతో మనం కాలు టపీమని ఎత్తేస్తాం. ఎత్తిన ప్రతిసారీ బ్రేకు తొక్కినట్టే. మా డాక్టరుగారి అమ్మగారు మొదట్లో ఎర్రగడ్డ దాటేలోపే కళ్లు మూసుకుని నిమ్మకాయ వాసన చూసేవారు. ఏసీ పడలేదేమో అనుకున్నారంతా. అద్దంలో గమనించాను: నా కాలు లేచిన ప్రతిసారీ ఆవిడ తల ముందుకి ఒంగి వెనక్కి వస్తోంది, చెవి కమ్మలు కూడా ఊగుతున్నాయి. రీజెన్ తక్కువలో పెట్టి, కాలు ఎత్తడం ఆపి, కొంచెం కొంచెంగా వదలడం మొదలుపెట్టాను. ఇప్పుడావిడ కూకట్‌పల్లి దాకా వత్తులు చేసుకుంటూ కూర్చుంటారు. నువ్వూ ఆ అద్దాన్ని అందుకు వాడు. తల ఊగుతోందంటే నీ కాలు తొందరపడుతోందన్నమాట.

లాగేటప్పుడూ అంతే. 245 హార్స్‌పవర్ తొక్కగానే అందుతుంది, ముందు చక్రాలకి. సిగ్నల్ పడగానే ఆటోలని దాటేయాలని అనిపిస్తుంది. వయసు అలాంటిది. ఎవరూ లేనప్పుడు కూడా వద్దు, అలవాటు జనం ఉన్నప్పుడు బయటపడుతుంది. వాన నీటి మీద ఎత్తెక్కేటప్పుడు గట్టిగా తొక్కితే ముందు చక్రాలు జారతాయి కూడా.

ఇంకో మాట, ఇది నువ్వే చెప్పాలి, వేరెవరూ చెప్పరు. ఆ కుర్చీ మంచంలా వాలుతుంది కదా అని దారిలో పూర్తిగా వాల్చి పడుకుంటారు. అలా పడుకుంటే బెల్టు ఉన్నా లేనట్టే. గట్టి బ్రేకు పడితే మనిషి బెల్టు కిందనుంచి జారిపోతాడు, బెల్టు పొట్టని కోస్తుంది. “మేడం, కొంచెం లేపి పెట్టుకోండి, హైవే మీద ఉన్నాం” అని నెమ్మదిగా చెప్పు. ఒకసారి విసుక్కుంటారు, రెండోసారి వింటారు.

సైజు గురించి. పాత క్రిస్టా ఇన్నోవా కంటే ఇది సుమారు ఒక మూర పొడుగు, 5.2 మీటర్లు. వెడల్పు 2 మీటర్లు, అద్దాలు కాక. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 3.2 మీటర్లుంది కాబట్టి మలుపులో వెనక చక్రం లోపలికి కోసుకుపోతుంది, గోడ మూల గీసుకుంటుంది. పాత అపార్ట్‌మెంటు సెల్లార్లో దిగేముందు బండి ఆపి నడిచి చూసిరా, నామోషీ ఏం లేదు. పొట్ట కింద పరుచుకుని ఉన్నది బ్యాటరీ. ఊళ్లలో పంచాయతీవాళ్లు వేసిన గుట్టల్లాంటి స్పీడ్ బ్రేకర్లు ఏటవాలుగా ఎక్కించు. పక్కకి జరిగే తలుపు బాగుంటుంది గానీ, అది తెరుచుకునేటప్పుడు స్కూటీవాడు ఆ సందులోంచి దూరతాడు. మూసుకునేటప్పుడు పట్టుచీర కొంగు బయటే ఉండిపోతుంది. ముందు నువ్వు దిగి నిలబడు, తర్వాత మీట నొక్కు.

ఇంజను చప్పుడు ఉండదు కాబట్టి జనం తప్పుకోరు. రైతుబజారు సందులో ముసలాయన వీపు వెనక నువ్వున్నావని ఆయనకి తెలీదు. హారన్ కొడితే అదిరిపడి పక్కకి కాకుండా నీ ముందుకే వస్తాడు. ఆగు, అద్దం దించి “తాతా” అని పిలువు.

ఛార్జింగ్ దగ్గరికొద్దాం. బ్యాటరీ 90 యూనిట్లు. కంపెనీ లెక్క 548 కిలోమీటర్లు, అది పరీక్షలో వచ్చిన లెక్క. ఏడుగురూ, సామానూ, మే నెల ఏసీ, వంద మీద నడక అయితే నాలుగొందలు చూసుకుని బయల్దేరు, అంతకంటే ఎక్కువ వస్తే లాభం. ఇంట్లో 11 కిలోవాట్ల పెట్టె పెట్టించుకుంటే గంటకి 11 యూనిట్లు ఎక్కుతుంది, రాత్రి పెడితే తెల్లారేసరికి నిండుతుంది. దానికి త్రీ ఫేజ్ మీటరు కావాలి. మామూలు ప్లగ్గులో పెడితే ఒక రాత్రి కాదు, రెండు రాత్రులైనా చాలదు. ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి లాగుదామని వాచ్‌మన్ అంటాడు, ఒప్పుకోకు, వైరు కాలిపోతుంది.

బయట ఫాస్ట్ ఛార్జర్‌లో 160 కిలోవాట్ల దాకా తీసుకుంటుంది గానీ, దారిలో 60 దొరికినా అదృష్టమే. అదీ ఆ ఛార్జరు రెండో గన్నుకి ఇంకో బండి తగిలిస్తే సగమైపోవచ్చు. 20 శాతం నుంచి 80కి ఆ 60 మీద గంట వేసుకో. 80 దాటాక బొట్లు బొట్లుగా ఎక్కుతుంది, అక్కడ కూర్చుని కాలం వెళ్లబుచ్చకు, గన్ను తీసి బయల్దేరు. ఎప్పుడూ చూసుకోవాల్సింది ఒకటే: అనుకున్న ఛార్జరు పనిచెయ్యకపోతే దాని తర్వాతదానికి చేరేంత మిగిలుందా? యాప్‌లో పచ్చగా చూపించినంత మాత్రాన అక్కడ కరెంటు ఉన్నట్టు కాదు.

మీ సారు తిరుపతి అంటారు, తప్పదు. నెల్లూరులో భోజనానికి ఆపితే బండి కూడా తినేస్తుంది, ఇంకెక్కడా ఆపక్కర్లేదు. కొండ ఎక్కడం ఈ బండికి లెక్కలోది కాదు, ఛార్జింగ్ మాత్రం గబగబా పడిపోతుంది, భయపడకు, దిగేటప్పుడు కొంత తిరిగొస్తుంది. నేను నొక్కి చెప్పేది దిగడం గురించి. 1944లో వేసిన పాత ఘాట్ మీదే కదా దింపేది, ఆ మెలికలు నీకు తెలుసు. అక్కడ మాత్రం రీజెన్ ఎక్కువలో పెట్టు, మోటారే పట్టుకుంటుంది, బ్రేకులు కాలవు. అయితే బ్యాటరీ నిండుగా ఉంటే ఆ పుట్టిన కరెంటు పోవడానికి చోటు ఉండదు, రీజెన్ పట్టదు, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. రెండున్నర టన్నుల బండి, మనుషులు కాక. కాబట్టి కొండ మీద గదిలో ఉన్నన్నాళ్లూ ఛార్జింగ్ దొరికింది కదా అని వందకి నింపకు. 80 లోపే ఉంచి దిగు. ఈ సంగతి బండి కొన్నవాళ్లలో చాలామందికి తెలీదు.

నీకు కలిసొచ్చేది ఒకటుంది. ఫంక్షన్ హాల్ బయట ఎండలో మాడుతూ, ఏసీ వేసుకుంటే డీజిల్ దండగ అని ఓనర్లు తిడతారని చెట్టు కింద చేరేవాళ్లం. ఇందులో ఆగి ఉన్నప్పుడు ఏసీకి గంటకి యూనిట్టో, రెండో. పొగ లేదు, చప్పుడు లేదు. సారుని ముందే అడుగు, ఆ లెక్క చెప్పు, కాదనరు. మధ్య సీట్లో మాత్రం పడుకోకు, నీ సీట్లోనే వాల్చుకో.

చేయకూడనివి రెండు మూడు. బానెట్ కింద నారింజ రంగు వైర్లు కనిపిస్తే వేలు పెట్టకు, నీకు తెలిసిన మెకానిక్‌నీ పెట్టనివ్వకు. బండి ఆగిపోతే తాడు కట్టి లాగించకు, చక్రాలు తిరిగితే మోటారు పాడవుతుంది, ఫ్లాట్‌బెడ్ లారీ రావాల్సిందే. పెద్ద బ్యాటరీ కాక మామూలు 12 వోల్టుల చిన్నది కూడా ఉంటుంది. అది చచ్చిపోతే పెద్దదాంట్లో నిండా ఉన్నా బండి ఆన్ అవదు. వారం పాటు బండి తీయకపోతే మధ్యలో ఒకసారి ఆన్ చేసి చూడు. వరదొస్తుందంటే సెల్లార్లోంచి ముందే తీసి ఎత్తుమీద పెట్టు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్ నగర్లో బళ్లు ఎలా మునిగాయో చూసినవాడివి, నీకు చెప్పేదేముంది.

ఇంజను చప్పుడు లేకపోతే ఇంకో చిక్కు. వెనక వాళ్లు గుసగుసగా మాట్లాడుకున్నా నీకు వినపడుతుంది. ఆస్తి పంపకాలు, సంబంధాలు, ఎవరికి ఏ జబ్బు, అన్నీ. వాళ్లకి ఇన్నోవా అలవాటు, నీకు వినపడదనుకుంటారు. విన్నట్టు అద్దంలో నీ మొహం చెప్పకూడదు. రాత్రి టీ బడ్డీ దగ్గర తోటి డ్రైవర్లతో అసలే చెప్పకూడదు. డ్రైవర్ల ఉద్యోగాలు పోయేది గీతలు పడి కాదురా, మాటలు బయటపడి.

డబ్బు సంగతి కూడా రాస్తాను, మొహమాటం లేదు. డీజిల్ కొట్టించేచోట మనవాళ్లకి పదో పరకో మిగిలేది. అది ఇందులో లేదు. ఎంత ఛార్జింగ్ ఎక్కిందో, బండి ఎక్కడుందో సారు ఫోన్‌లోనే తెలుస్తుంది. దాని మీద అలగకు, నిన్ను అనుమానించడానికి పెట్టింది కాదది. కానీ పాత జీతానికి మాత్రం ఒప్పుకోకు. రాత్రి గన్ను తగిలించడం, తెల్లారి తీయడం, దారిలో ఛార్జర్లు వెతకడం, టైర్లలో గాలి చూడటం, ఇవన్నీ పనే. బయట ఊరు వెళ్తే బత్తా ఎంత, ఛార్జింగ్ దగ్గర కూర్చున్న గంట డ్యూటీలోకి వస్తుందా రాదా, చేరేముందే అడిగేసెయ్. ఆకుపచ్చ నంబరు ప్లేటు చూసి మురిసిపోయి ఊరుకుంటే తర్వాత అడగలేవు.

వాళ్లింట్లో త్రీ ఫేజ్ ఉందో లేదో కనుక్కుని నాకు చెప్పు. లేకపోతే కరెంటాఫీసులో దరఖాస్తు పెట్టించాలి, దానికి రోజులు పడుతుంది, బండి వచ్చేలోపు అయిపోతే మంచిది.

మీ మామ