తాకి తెలుసుకొనే ప్రదర్శనశాల

ప్రదర్శనశాలలో అడుగడుగునా కనిపించే హెచ్చరిక "తాకరాదు". చూపులేని సందర్శకునికి ఆ నాలుగక్షరాలతోనే తలుపు మూసుకుపోతుంది. అయితే ఆ నిషేధం వట్టి అధికారుల చాదస్తం కాదు. దాని వెనుక రసాయన శాస్త్రం ఉన్నది.

చేతి చెమటలో ఉప్పు, లాక్టిక్ ఆమ్లం, యూరియా ఉంటాయి. ఉప్పులోని క్లోరైడు కంచుకు పరమశత్రువు. అది కంచులోని రాగితో కలిసి క్యూప్రస్ క్లోరైడుగా మారుతుంది. ఈ పదార్థం గాలిలోని తేమతోను, ఆక్సిజన్‌తోను చర్య జరిపి లేత ఆకుపచ్చని పొడిగా రాలుతూ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. ఆ ఆమ్లం మళ్ళీ రాగిని తినసాగుతుంది. తేమ ఉన్నంతకాలం ఆ చిచ్చు ఆరదు.

అన్ని పదార్థాలూ ఇంత సుకుమారమైనవి కావు. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం ఈజిప్టు శిలా శిల్పాలలో కొన్నింటిని చూపులేనివారు చేతులతో తడిమి చూడటానికి అనుమతిస్తుంది. అదే భవనంలోని అమరావతి శిల్పాలు మాత్రం అద్దాల వెనుక ఉన్నాయి. అవి పల్నాటి సున్నపురాయిలో చెక్కినవి. కాల్షియం కార్బొనేటు ఆమ్లానికి ఇట్టే లొంగిపోతుంది. గ్రానైటు ఓర్చుకొనే స్పర్శను అది ఓర్చుకోలేదు.

చిత్రాల సంగతి మరింత కష్టం. 2015లో మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియం కొన్ని ప్రసిద్ధ చిత్రాలను వేళ్ళకు అందేటట్లు ఉబ్బెత్తుగా ముద్రించి ప్రదర్శించింది. తక్కువ ఖర్చుతో జరిగే పద్ధతి ఉబ్బే కాగితం. దాని పూతలో కంటికి కనిపించని ప్లాస్టిక్ గుళికలు, వాటిలో త్వరగా ఆవిరయ్యే హైడ్రోకార్బన్ ఉంటాయి. నల్లసిరాతో గీసి వేడిదీపం కింద నడిపితే, నలుపు వేడిని పీల్చుకొంటుంది. గుళిక మెత్తబడి, లోపలి ఆవిరి ఒత్తిడికి పూరీలా పొంగుతుంది. గీత లేచి నిలబడుతుంది!

గీత లేచినంత మాత్రాన బొమ్మ తెలియదు. రెండు చుక్కలు వేరని వేలికొన గుర్తించాలంటే వాటి నడుమ దాదాపు 2 మిల్లీమీటర్ల ఎడం కావాలి. కన్ను ఒక్కసారిగా గ్రహించే దానిని వేలు ముక్కముక్కలుగా కూర్చుకోవాలి. అందుచేత చిత్రంలో చాలా వివరాలను తొలగించవలసి వస్తుంది. ఏది ఉంచాలి, ఏది తీసివేయాలి అన్నదానిలో చూపులేనివారి సలహాయే ప్రమాణం కావాలి. వారిని అడగకుండా తయారైన నమూనాలు చూపున్నవారికే అందంగా కనిపిస్తాయి.

నకలు విగ్రహాలతోనూ ఇదే చిక్కు. కంచు చేతివేడిని చప్పున లాగివేస్తుంది కనుక చల్లగా తగులుతుంది. ప్లాస్టిక్ అలా లాగదు. ప్లాస్టిక్ నటరాజును తడిమినవారికి నటరాజు తెలుస్తాడు గాని, కంచు తెలియదు. విగ్రహం పక్కనే చిన్న కంచు పలక ఒకటి ఉంచితే ఆ కొరత కొంత తీరుతుంది. ఆ పలక అరిగినా, పచ్చబడినా మార్చుకోవచ్చు.