సిస్టర్, ఈ మందేమిటి?

1993 డిసెంబరు చివర్లో, ఆస్పత్రిలో ఉన్న ఒక పసివాడి తండ్రిని నర్సు ఫలానా ఇంజెక్షన్ తెమ్మంది. ఆయన వెంటనే తెచ్చిచ్చాడు. అది లారియాగో, అంటే క్లోరోక్విన్. నరానికి ఎక్కించగానే తల్లి ఒళ్లోనే పిల్లాడు కుప్పకూలాడు. గుండె ఆగింది, మెదడు మళ్లీ కోలుకోనంతగా దెబ్బతింది. స్ప్రింగ్ మెడోస్ హాస్పిటల్ కేసుగా పేరుపడ్డ ఈ వ్యవహారంలో, డోసు మితిమీరిందనీ, దగ్గరుండి చేయవలసిన డాక్టరు ఆ ఇంజెక్షన్‌ను నర్సుకు వదిలేశాడనీ, ఆ నర్సుకు తగిన అర్హతే లేదనీ తేలింది. జాతీయ వినియోగదారుల కమిషన్ బిడ్డకు 12.5 లక్షలు, తల్లిదండ్రుల మనోవేదనకు 5 లక్షల రూపాయలు ఇప్పించింది. 1998లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేస్తూ, చికిత్స పొందిన బిడ్డే కాక, డబ్బు కట్టి చేర్పించిన తల్లిదండ్రులూ వినియోగదారులేనంది. తీర్పులో అందరూ చెప్పుకునేది పరిహారం సంగతే. నాకు మాత్రం మందు మోసుకొచ్చింది కన్నతండ్రే అన్న సంగతి దగ్గర మనసు ఆగిపోతుంది.

మన ఆస్పత్రుల్లో రోజూ జరిగేదీ అదే. "పేషెంటు తాలూకు ఎవరండీ?" అని పిలిచి చేతిలో చీటీ పెడతారు, మనం మెడికల్ షాపుకు పరుగెత్తుతాం. డబ్బు మనది, మోత మనది, ఆ మందెందుకో అడగడం మాత్రం మనది కాదనుకుంటాం. ఇది అణకువ అనిపించుకుంటుందేమో గానీ, చట్టం మన నుంచి కోరింది కాదు. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం అని నర్సింగ్ విద్యార్థులకు ఐదు తనిఖీలు నేర్పుతారు. రోగి పేరేమిటో, ఏ మందు పడదో, ఉదయం ఏ మాత్ర వేశారో మంచం పక్కనున్న మనిషికి తెలిసినంతగా డ్యూటీ మారి అప్పుడే వచ్చిన సిస్టర్‌కు తెలియదు. ఆ మనిషిని అడగనివ్వకపోతే ఉన్న తనిఖీల్లో ఒకటి మనమే తీసేసినట్టు.

హక్కు కాగితం మీదేగా అని ఒక అభ్యంతరం. నిజమే, 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో 17 హక్కులున్నాయి. చికిత్స గురించి అర్థమయ్యే భాషలో తెలుసుకోవడం, మందు తనకు నచ్చిన షాపులో కొనుక్కోవడం, ఆరోగ్య విషయాలు చెప్పించుకోవడం అందులోవే. అయితే ఆ పత్రం ఒక్కటే పట్టుకుని కోర్టుకు వెళితే చాలదు. కానీ వినియోగదారుల రక్షణ చట్టం 2019 సేవాలోపానికి ఇచ్చిన నిర్వచనం చూడండి. నిర్లక్ష్యమే కాదు, తెలియజేయవలసిన సమాచారాన్ని కావాలని దాచిపెట్టడం కూడా సెక్షన్ 2(11) కింద లోపమే. "మీకెందుకు?" అన్న జవాబుకు అక్కడ విలువ కట్టవచ్చు. అందరికీ పూర్తి ఉచితంగా వైద్యం చేసే ఆస్పత్రులకు ఈ దారి వర్తించదని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కొందరి దగ్గరైనా డబ్బు తీసుకునే చోట, ఉచితంగా చూపించుకున్నవారూ వినియోగదారులే.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం నర్సులది. వార్డు నిండా రోగులుంటే ప్రతి ఒక్కరికీ మందు పేరు చెబుతూ కూర్చోగలమా అంటారు. సిబ్బంది చాలకపోవడం వాస్తవం, ఆ తప్పు సిస్టర్‌ది కాదు, యాజమాన్యానిది. అయినా పేరు, ఎందుకు, ఎంత అన్న మూడు మాటలకు పట్టే సమయం పొరపాటు తర్వాత పట్టే సమయం ముందు ఏపాటిది? ఇంకో సంగతి. నిర్లక్ష్యంతో మరణం సంభవిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 ప్రకారం రిజిస్టర్డ్ డాక్టరుకు గరిష్ఠ శిక్ష రెండేళ్లు. ఆ వెసులుబాటు నర్సుకు లేదు, ఆమెకు ఐదేళ్ల వరకూ పడవచ్చు. మంచం పక్కనుంచి వచ్చే ప్రశ్న ఆమెకూ కాపుదలే. అలాగని అడగడం అంటే గదమాయించడం కాదు. ఆస్పత్రి సిబ్బందిపై చేయి చేసుకుంటే 2008 నాటి ప్రత్యేక చట్టం కింద కేసవుతుంది.

డిశ్చార్జ్ నాడు ఇంకా పట్టుగా అడగాలి. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి వేసుకునే మందు. రోజూ అనుకుని మింగితే ప్రాణం మీదికి వస్తుంది. చీటీ మీద 'ఓడీ', 'బీడీ' అని గిలికి చేతులు దులుపుకుంటే చెప్పినట్టు కాదు, తెలుగులో ఏ పూట ఎన్ని, ఎన్నాళ్లు అని రాయించుకోండి. అనుమానం వస్తే ముందు కేస్ షీట్ నకలు కోసం రాతపూర్వకంగా అడగండి. వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు రెండేళ్లు, 5 లక్షల లోపు చెల్లించిన సేవకు ఫీజు లేదు. ఆడవారికి, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెడుతుంది.