కార్తీక వనభోజనానికి టికెట్: ఒక అంటుమొక్క

ఫ్రెండ్స్, ముందే ఒక విషయం ఒప్పేసుకుంటా. నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. తెలుగు చదవడం వచ్చు గానీ, రాయడం మన క్లబ్‌లో చేరాకే కాస్త కుదురుకుంది. అందుకే మొదటిసారి కడియపులంకలో ఒక నర్సరీ ముందు నిలబడినప్పుడు పరువు పోయింది. లోపల వరుసగా కూర్చుని పనిచేస్తున్న ఆడవాళ్లని చూపించి మా రూమ్మేట్ "అంట్లు కడుతున్నారు" అన్నాడు. నేను "ఇంతమందికి భోజనాలు ఎవరు పెట్టారు?" అని అడిగా. అంట్లు కడుగుతున్నారు అనుకున్నా. వాడు రోడ్డు పక్కనే కూలబడి నవ్వాడు.

ఈ వ్యాసం ఆ మాట గురించే. అంటు అంటే ఏమిటి, ఎలా కట్టాలి, మా మొక్కల క్లబ్ వనభోజనానికి అదే టికెట్ ఎందుకైంది, ఈ మూడూ చెప్తా. చదివాక మీరు కూడా ఒకటి కట్టి చూడాలని నా ఆశ.

పోయినేడాది కార్తీకం

మన గోదావరి జిల్లాల్లో కార్తీక మాసం వస్తే ఒక్క ఆదివారమూ ఖాళీ ఉండదు. ఉసిరి చెట్టు కింద అందరూ కలిసి భోంచేయాలన్నది పాత ఆచారం. వానలు తగ్గుతాయి, చలి ఇంకా ముదరదు, చెట్టు మీద ఉసిరికాయలు ఉంటాయి. తోటకి వెళ్లడానికి ఇంతకంటే మంచి రోజులు ఉండవు. కానీ ఆ నెలలో రోడ్డు పక్కన ఫ్లెక్సీలు చూడండి. కులానికొక వనసమారాధన కనిపిస్తుంది.

పోయినేడాది మా వాళ్ల వనభోజనానికి రూమ్మేట్‌ని కూడా తీసుకెళ్లా. ఏ ఊరో చెప్పను. మామిడి తోట, షామియానా, తంబోలా, పనసపొట్టు కూర, అంతా బాగుంది. ఒక పెద్దాయన వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ప్రేమగానే "మీ ఇంటిపేరేంటి బాబూ?" అన్నారు. చెప్పాడు. "ఏ ఊరు?" చెప్పాడు. "ఆ ఊళ్లో మనవాళ్లు ఎవరూ లేరే" అన్నారాయన. అంతే. ఎవరూ తిట్టలేదు, లేవమనలేదు. ఆకు వేసి వడ్డించారు కూడా. వాడే లేచి "ఆకలిగా లేదురా" అని వెళ్లి బస్సు కోసం నిలబడ్డాడు.

నేను వెంట వెళ్లలేదు. తంబోలా అయ్యేదాకా అక్కడే ఉన్నా. ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు ఏడాది పట్టింది.

జులైలో మెసేజ్

ఈ జులైలో మొక్కల క్లబ్ గ్రూప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. "కార్తీకంలో క్లబ్ వనభోజనం. చందా లేదు. ప్రతి ఒక్కరూ ఒక అంటుమొక్క తేవాలి. కొన్నది చెల్లదు, సొంతంగా కట్టిందే తేవాలి. చచ్చిపోతే చచ్చిపోయినదాన్నే తెచ్చి, ఎందుకు పోయిందో అందరికీ చెప్పాలి."

రూమ్మేట్ అది చదివి "వనభోజనమా? నేను రాను" అన్నాడు. కాసేపాగి మళ్లీ చదివాడు. "ఇందులో ఇంటిపేరు అడగలేదు కదా" అన్నాడు. నాకు ఏం అనాలో తెలియలేదు. తర్వాత వాడే అన్నాడు, "మీలో ఎవరికీ కట్టడం రాదుగా? మా అమ్మకి వచ్చు."

వాళ్లమ్మ కడియం వైపు ఒక నర్సరీలో రోజు కూలికి అంట్లు కడతారట. ఏడాదిగా ఒకే గదిలో ఉంటున్నాం. వాడి ర్యాంకు నాకు తెలుసు, ఫోన్ పాస్‌వర్డ్ తెలుసు. ఈ సంగతి తెలియదు. నేనెప్పుడూ అడగలేదు.

కడియం, కడియపులంక గురించి తెలియనివాళ్లకి ఒక మాట. రాజమండ్రి దాటి హైవే మీద కాస్త దూరం వెళ్తే రెండు పక్కలా నర్సరీలే. గోదావరి ఒండ్రు నేల, ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ నీళ్లు, పక్కనే జాతీయ రహదారి, మూడూ కలిసొచ్చాయి. ధవళేశ్వరం ఆనకట్టని ఆర్థర్ కాటన్ 1852కి పూర్తి చేయించాడు. ఇక్కడి మొక్కలు లారీలెక్కి వేరే రాష్ట్రాలకి కూడా వెళ్తాయి. మనం సెల్ఫీలు దిగే ఆ వరుసల్లో ప్రతి అంటూ ఎవరో ఒకరు కత్తి పట్టుకుని కూర్చుని కట్టిందే.

మొదటి ఆదివారం నలుగురం వాళ్లింటికి వెళ్లాం. ఉన్న ఒక్క కుర్చీ నాకు వేసి "కూర్చోండి బాబుగారూ" అన్నారావిడ. వాడు నేల మీద కూర్చున్నాడు. ఆ కుర్చీలో కూర్చోవడం కష్టమైంది. నేనూ కిందకి దిగా.

పాఠం 1: గాలి అంటు

ఇది జామకి, దానిమ్మకి, నిమ్మకి బాగా పనిచేస్తుంది. చెట్టు మీద ఉండగానే కొమ్మకి వేళ్లు పుట్టిస్తాం. వానాకాలం మంచి సమయం.

పెన్సిల్ మందం ఉన్న ఆరోగ్యమైన కొమ్మ చూసుకోండి. కణుపు కింద దాదాపు అంగుళం వెడల్పున చుట్టూ బెరడు ఉంగరంలా తీసేయండి. లోపలి తెల్ల చెక్క మీద జిగురుగా ఉండే పొరని కత్తి వీపుతో గీకేయండి. అది మిగిలితే బెరడు మళ్లీ అతుక్కుపోతుంది, వేళ్లు రావు. ఆ చోట తడిపి పిండిన కొబ్బరి పొట్టు ముద్దలా పెట్టి, ప్లాస్టిక్ కాగితం చుట్టి రెండు చివర్లా గట్టిగా కట్టేయండి. లోపలికి గాలి పోకూడదు, తడి ఆరకూడదు. ఐదారు వారాల నుంచి రెండు నెలల్లో కాగితంలోంచి తెల్లటి వేళ్లు కనిపిస్తాయి. అప్పుడు ముద్ద కింద కోసి, ఆకులు సగం తగ్గించి, సంచిలో నాటి నీడన పెట్టాలి.

ఎందుకు వేళ్లొస్తాయి? నీళ్లు పైకి వెళ్లేది లోపలి చెక్కలోంచి. ఆకులు తయారుచేసిన చక్కెర కిందకి దిగేది బెరడులోంచి. మన భాషలో చెప్పాలంటే అప్‌లోడ్‌కి ఒక లైను, డౌన్‌లోడ్‌కి ఇంకో లైను. మనం ఒక్క లైనే కోశాం. కొమ్మకి నీళ్లు అందుతూనే ఉంటాయి కాబట్టి వాడిపోదు. కిందకి దిగాల్సిన చక్కెర, ఆక్సిన్ అనే హార్మోను కోసిన చోట ఆగిపోతాయి. అక్కడే తడి, చీకటి దొరికాయి. ఇక కొమ్మ వేళ్లు వేస్తుంది.

ఇది నేను ఆవిడకి చెప్తే "చక్కెర సంగతి నాకు తెలీదు బాబూ, కోసిన చోట పై అంచు ఉబ్బితే వేరొస్తుందని తెలుసు" అన్నారు. ఇద్దరం ఒకే విషయం చెప్తున్నామని నాకు ఇంటికెళ్లాక అర్థమైంది.

పాఠం 2: టెంక అంటు

ఇది మామిడికి. టెంక నాటితే వచ్చే మొక్క చాలా రకాల్లో తల్లి పండు ఇవ్వదు. గింజ అంటే రెండు చెట్ల జన్యువులు కొత్తగా కలిసిన కోడ్. ఏ అవుట్‌పుట్ వస్తుందో కాయ కాసేదాకా తెలియదు. బంగినపల్లి గానీ, మన గోదావరి జిల్లాల కొత్తపల్లి కొబ్బరి గానీ అదే రుచితో కావాలంటే ఆ చెట్టు కొమ్మనే తెచ్చి అంటు కట్టాలి.

టెంక మొలిచి పది, పదిహేను రోజులైన మొక్క తీసుకోండి. కాండం ఇంకా రాగి రంగులో ఉంటుంది. టెంకకి కొంచెం పైన తల కోసేసి, మధ్యలో నిలువునా చీలిక పెట్టండి. మంచి చెట్టు నుంచి అంతే మందం ఉన్న పుల్ల తెచ్చి, కింది భాగాన్ని రెండు వైపులా చెక్కి ఆప్పులా చేయండి. పుల్ల కోయడానికి వారం, పది రోజుల ముందే దాని ఆకులు తుంచేస్తే మొగ్గ ఉబ్బి సిద్ధంగా ఉంటుంది. పుల్లని చీలికలో దింపి, బెరడుకి బెరడు కలిసేలా చూసి, పాలిథిన్ పట్టీతో బిగించి కట్టండి. అంతా బాగుంటే మూడు నాలుగు వారాల్లో చిగురొస్తుంది.

బెరడుకీ చెక్కకీ మధ్య కాంబియం అనే సన్నటి పొర ఉంటుంది. కొత్త కణాలు పుట్టేది అక్కడే. రెండు కోతల్లోనూ ఆ పొరలు తాకితేనే అతుకు పడుతుంది. అందుకే కొబ్బరికి, అరటికి ఇలా అంటు కట్టలేం. వాటి కాండంలో ఆ పొర ఉంగరంలా ఉండదు. దగ్గరి చుట్టాలు కాని మొక్కలకీ కుదరదు. మామిడికి జామ కట్టలేం.

ఒకటి గుర్తుంచుకోండి. అతికాక కూడా జన్యువులు కలిసిపోవు. పైనున్నది దాని పండే కాస్తుంది, కిందున్నది దాని వేళ్లే వేస్తుంది. అతుకు కింద నుంచి చిగుళ్లు వస్తే తుంచేయాలి, లేకపోతే అవే పైదాన్ని మింగేస్తాయి. నర్సరీలో మామిడి అంటు కొనేటప్పుడు అతుకు మచ్చ కనిపిస్తోందో లేదో చూడండి. నాటేటప్పుడు ఆ అతుకు మట్టిలో మునగకూడదు.

నేను నాలుగు కట్టా, మూడు చచ్చాయి. మొదటిది మొద్దు కత్తి వల్ల. రెండోదానికి పుల్ల లావు, మొక్క సన్నం. మూడోదాన్ని చిగురొచ్చిందా అని రోజూ కట్టు విప్పి చూశా. సెప్టెంబరుకి ఆవిడ "బాబుగారూ" మానేశారు. "ఒరేయ్ అబ్బాయ్, విప్పొద్దన్నానా! అంటు కట్టడం రాదు గానీ ఆంటీ ఆంటీ అనడం వచ్చు" అని తిట్టారు. ఏ ఎగ్జామ్ రిజల్టుకీ అంత సంతోషం కలగలేదు నాకు.

పాఠం 3: మాట

ఒక రాత్రి ఈ వ్యాసం కోసం నిఘంటువు తీశా. అంటు అంటే తాకడం, అతుక్కోవడం. మొక్కకి కట్టే అంటూ అదే. మైల అన్న అర్థం కూడా ఉంది. అంటువ్యాధి, నిప్పంటుకోవడం, అంటరానితనం అన్నీ ఆ మాటలోంచే వచ్చాయి.

పదో తరగతిలో 'అన్‌టచబిలిటీ, ఆర్టికల్ 17' అని రాసి ఫుల్ మార్కులు తెచ్చుకున్నా. రాజ్యాంగం దాన్ని రద్దు చేసిందని రాశా. ఇంగ్లిష్‌లో చదివినప్పుడు అది పరీక్ష కోసం నేర్చుకున్న మాట. తెలుగులో చూస్తే, మా ఫ్రెండ్ వాళ్లమ్మ రోజంతా కూర్చుని చేసే పని పేరూ, ఆ రోజు తోటలో వాడు లేచి వెళ్లిపోవడానికి కారణమూ ఒకే మాటలో ఉన్నాయి. అంటితే మైల అన్నదీ మన ఊళ్లవాళ్లే, అంటకపోతే బతకదని కట్టి చూపిస్తున్నదీ మన ఊళ్లవాళ్లే.

ఆ రాత్రే వాణ్ణి లేపి, పోయినేడాది నీతో పాటు రావాల్సింది అన్నా. వాడు "తెలుసురా, పడుకో" అన్నాడు. అంతకంటే ఎక్కువేం మాట్లాడుకోలేదు.

ఉసిరి చెట్టు కింద

నవంబరులో ఒక ఆదివారం, కాలువ గట్టు పక్కన ఒక రైతు తోటలో ఉసిరి చెట్టు కింద చాపలు పరిచాం. ముప్పై నాలుగు మంది వచ్చారు. ముందు మొక్కలన్నీ వరుసగా పెట్టి ఒక్కొక్కరం లేచి చెప్పాం. బతికినవి పంతొమ్మిది. మిగతావాళ్లు ఎండిన పుల్లలు పట్టుకుని కారణాలు చెప్పారు. ఒకమ్మాయి "నీళ్లు ఎక్కువ పోశా, ప్రేమతో" అంది. ఒక సీనియర్ పుల్లని తలకిందులుగా కట్టాడని అక్కడే బయటపడింది. బగ్ రిపోర్టుల కంటే బాగా నవ్వుకున్నాం. "ఏం కట్టావు? ఎన్ని బతికాయి?" ఆ రోజు అందరూ అందరినీ అడిగినవి ఈ రెండు ప్రశ్నలే.

మా గురువుగారిగా ఆవిడని పిలిచాం. ప్రతి అతుకునీ వేలితో తడిమి చూసి, మూడింటికి "ఇవి వానాకాలం దాకా ఆగవు" అని చెప్పేశారు. తర్వాత అరిటాకులు వేశాం. ముద్దపప్పు, పులిహోర, గుత్తొంకాయ, ఆవిడ తెచ్చిన ఉసిరికాయ పచ్చడి, చివర్లో ఆత్రేయపురం పూతరేకులు. మా వాడు రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. నేను పక్కనే కూర్చున్నా.

భోజనాలయ్యాక చీటీలు తీసి మొక్కలు మార్చుకున్నాం. తీసుకెళ్లడానికి చోటు లేనివాళ్ల ఏడు మొక్కల్ని దగ్గర్లోని ప్రభుత్వ బడికి ఇచ్చి, పిల్లలకి ఎలా చూసుకోవాలో చెప్పి వచ్చాం. నాకు చీటీలో వాడి జామ అంటే వచ్చింది. ఇప్పుడు హాస్టల్ మెట్ల దగ్గర ఉంది. నాలుగు కొత్త ఆకులేసింది. నిజం చెప్పాలంటే నీళ్లు ఎక్కువసార్లు పోస్తున్నది వాడే, నేను మర్చిపోతున్నా.

వచ్చే కార్తీకానికి కూడా టికెట్ ఇదే. జులైలో మొదలుపెట్టాలి కాబట్టి ఇప్పటి నుంచే ఒక జామ చెట్టుని చూసి పెట్టుకోండి. సాన పట్టిన కత్తి, కొబ్బరి పొట్టు, ప్లాస్టిక్ కాగితం చాలు. కట్టాక మాత్రం విప్పి చూడకండి.