మంచి విల్లు ఎట్లు వంగును?

ధ్యాన భాగము: హోషేయ 7:16



హోషేయ ప్రవక్త తన కాలపు జనులను నమ్మరాని వింటితో పోల్చెను. విల్లు చూపునకు అందముగా నుండవచ్చును. కాని లాగినప్పుడు సమముగా వంగనిచో చేతిలోనే విరుగును. యుద్ధభూమిలో అట్టి విల్లు విలుకాని ప్రాణమునకే ముప్పు. నమ్మదగిన విల్లు ఎట్లు తయారగునో ఇంగ్లాండు దేశపు పొడవాటి విండ్లను బట్టి నేర్చుకొందము. 1346లో క్రేసీ యొద్దను, 1415లో అజిన్‌కోర్ యొద్దను ఆ దేశపు సైన్యము గెలుచుటకు ఇవి ఎంతో తోడ్పడెను.

1. కఱ్ఱను ఎరుగుట. మేలైన విండ్లను యూ అను చెట్టు కఱ్ఱతో చేసిరి. ఈ జాతి చెట్లు మన హిమాలయములలోను కలవు. దీని ఎఱ్ఱని చేవ నొక్కుడునకు ఓర్చును. బెరడు క్రింది తెల్లకఱ్ఱ సాగుటకు ఓర్చును. అందుచేత తెల్లకఱ్ఱ గురివైపునకును, చేవ విలుకాని వైపునకును ఉండునట్లు రెంటిని కలిపి ఒకే కఱ్ఱగా తీయుదురు. చలికొండలలో మెల్లగా పెరిగి, వలయములు దగ్గరగా నున్న కఱ్ఱను శ్రేష్ఠమని యెంచిరి. స్వదేశపు కఱ్ఱ చాలనందున, వర్తకపు ఓడలు టన్ను సరుకునకు నాలుగేసి విల్లుకఱ్ఱలు తేవలెనని 1472లో చట్టము చేసిరి.

2. కఱ్ఱ దారిని అనుసరించుట. దుంగను పొర వెంబడి చీల్చి, నీడను నెమ్మదిగా ఆరనిత్తురు. తరువాత బాడిసెతోను కత్తితోను చెక్కుదురు. గురివైపున ముడి వచ్చినచో, నునుపు కొరకు దానిని కోసివేయరు. చుట్టు కొంచెము కఱ్ఱ ఎక్కువగా విడుతురు. ముడిని తెగగొట్టినచో విల్లు అక్కడనే విరుగును.

3. సమముగా వంచుట. ఇదియే అన్నిటికంటె కష్టమైన పని. త్రాడు కట్టి, కొంచెము కొంచెముగా లాగి, రెండు కొమ్మలు ఒకే తీరున వంగుచున్నవో లేదో దూరమునుండి చూతురు. ఒకచోట ఎక్కువ వంగినచో అక్కడ కత్తి పెట్టరు. తీసిన కఱ్ఱను తిరిగి అతికింప వీలులేదు గనుక, వంగక బిగిసియున్న చోటనే లోపలివైపు పలుచగా గీయుదురు. అప్పుడు భారము అంతటను పంచబడి, బలహీనమైన చోటు నిలుచును.

1545లో పోర్ట్స్‌మత్ యొద్ద మునిగిన మేరీ రోజ్ అను యుద్ధనౌకలో 170కి పైగా యూ విండ్లు దొరకెను. ఆ నౌకను 1982లో పైకి తీసిరి. విండ్లు ఆరడుగులకు మించిన పొడవు గలవి. వాటిలో అనేకములను పూర్తిగా లాగుటకు 45 మొదలు 80 కిలోల బరువెత్తునంత బలము కావలెనని పరిశోధకుల అంచనా. నాలుగు శతాబ్దములు నీటి అడుగున నుండియు అవి తమ ఆకారమును నిలుపుకొనెను.

ప్రియులారా, ఇంటిలోగాని, పొలము పనిలోగాని, పెద్దల సభలోగాని ఎవరో ఒకరు అధికముగా వంగిపోవుచున్నప్పుడు మనము వారినే ఇంకను చెక్కుచుందుము. విల్లు చేయువాడు అట్లు చేయడు. బిగిసియున్న వైపును వెదకును. మన మధ్య బిగిసియున్నది ఎవరు? మోయలేని బరువు ఎవరిమీద పడుచున్నది? ఈ మాసము ప్రతి కుటుంబమును కూర్చుండి ఈ రెండు ప్రశ్నలు ఆలోచించుకొనవలెను.